‘రాద’: సలహా, పాలన, పఠనం – ఒక ప్రాచీన స్కాండినేవియన్ క్రియ చరిత్ర

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని అధ్యయనం చేసిన తర్వాత మీరు:
• ‘రాద’ అనే ప్రాచీన నార్స్ క్రియ పుట్టుకను, దాని ప్రధాన అర్థాలను వివరించగలుగుతారు.
• ఒక మాటలోని అర్థభేదాలు ఒక సమాజపు అధికార స్వరూపాన్ని ఎలా తెలియజేస్తాయో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• భాషల మధ్య నిజమైన బంధుత్వానికీ, కేవలం ధ్వని పోలికకూ గల తేడాను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, యాత్రికుల రచనలు చరిత్రకు ఆధారాలని మీరు ఇదివరకే చదువుకొన్నారు. ఒక సాధారణమైన మాట కూడా అటువంటి ఆధారమే. నాణెం మీద రాజు తన పేరును కావాలని ముద్రిస్తాడు. మాట అలా కాదు. దానిని వాడినవారు తమ గురించి భావితరాలకు ఏదో చెప్పాలని వాడలేదు. అందువల్ల వారు చెప్పదలచుకోని సంగతులు కూడా అందులో నిలిచి ఉంటాయి.

నేటి నార్వే, స్వీడన్, డెన్మార్క్ దేశాలలోనూ, క్రీ.శ. 870 ప్రాంతం నుంచి నార్వే ప్రజలు వలస వెళ్ళిన ఐస్‌లాండ్‌లోనూ మధ్యయుగాలలో మాట్లాడిన భాషను ప్రాచీన నార్స్ అంటారు. ఆ భాషలో ‘రాద’ అనే క్రియ ఉంది. ఇందులోని ‘ద’ను నాలుక కొనను పళ్ళకు మెల్లగా ఆనించి పలకాలి. దీని భూతకాల రూపం ‘రేద్’. దీని నుంచి వచ్చిన నామవాచకం ‘రాద్’.

నిఘంటువులో ఈ క్రియకు కనిపించే ప్రధానార్థాలు ఇవి: సలహా ఇవ్వడం; నిర్ణయించడం; పాలించడం లేదా పైచేయిగా ఉండడం; గూఢమైనదాని అర్థం విప్పడం; పెళ్ళి వంటి వాటిని కుదర్చడం; ఒకరి ప్రాణానికి పన్నాగం పన్నడం. ఇన్ని పనులకు ఒకే మాట ఎలా సరిపోయింది? మంత్రి చేసే పని, రాజు చేసే పని, పండితుడు చేసే పని, కుట్రదారు చేసే పని ఆ ప్రజలకు ఒకే పనిగా ఎందుకు తోచాయి? ఈ పాఠ్యభాగంలో మనం పరిశీలించే ప్రశ్న ఇదే.

2. పదం పుట్టుక

2.1 బంధువర్గం

ప్రాచీన నార్స్ భాష జర్మానిక్ శాఖకు చెందినది. ఆ శాఖ ఇండో-యూరోపియన్ భాషా కుటుంబంలో ఒక భాగం. ‘రాద’ క్రియకు ఈ కుటుంబమంతటా బంధువులున్నారు. క్రీ.శ. 4వ శతాబ్దంలో జరిగిన గోథిక్ బైబిలు అనువాదంలో ‘గారేదన్’ అనే క్రియ ఉంది. ముందుచూపుతో జాగ్రత్త తీసుకోవడమని దాని అర్థం. జర్మన్ భాషలో ‘రాటెన్’ అంటే సలహా ఇవ్వడం, ఊహించి చెప్పడం కూడా. ప్రాచీన ఐరిష్‌లో ఇదే ధాతువు ఆలోచించడం అనే అర్థంలోనూ, ప్రాచీన స్లావిక్‌లో పట్టించుకోవడం అనే అర్థంలోనూ కనిపిస్తుంది.

సంస్కృతంలో దీనికి సాటి వచ్చేది ‘రాధ్’ ధాతువు. సాధించడం, సఫలం కావడం, సవ్యంగా నెరవేర్చడం అని దాని అర్థాలు. మనం రోజూ వాడే ఆరాధన, అపరాధం అనే మాటలు ఈ ధాతువు నుంచే వచ్చాయి. అనుకూలం చేసుకోవడం ఆరాధన. గురి తప్పడం, తప్పు జరగడం అపరాధం. రాధ, అనూరాధ అనే పేర్లు కూడా ఈ ధాతువుకు చెందినవే.

ఈ బంధువులన్నింటినీ పక్కపక్కన పెట్టి చూసిన భాషావేత్తలు మూలధాతువుకు ‘రేధ్’ వంటి రూపాన్ని ఊహించారు. విషయాన్ని మనసులో సరిగా అమర్చుకొని, పనిని చక్కబెట్టడం దాని మూలార్థమని భావిస్తారు.

2.2 బంధుత్వాన్ని నిరూపించే పద్ధతి

‘రాధ్’, ‘రాద’ వినడానికి ఒకేలా ఉన్నాయి కాబట్టి అవి బంధువులు అనకూడదు. తెలుగులోని ‘రాదు’, ‘రాదా?’ కూడా వినడానికి అలాగే ఉంటాయి. కాని అవి ‘వచ్చు’ క్రియకు సంబంధించిన వ్యతిరేక రూపాలు. వాటికి నార్స్ క్రియతో ఏ సంబంధమూ లేదు. అది కేవలం యాదృచ్ఛికమైన పోలిక.

నిజమైన బంధుత్వానికి క్రమం తప్పని ధ్వని సామ్యం కావాలి. సంస్కృతంలో ‘ధ’ ఉన్నచోట నార్స్‌లో ఈ మెత్తని ‘ద’ పదేపదే కనిపిస్తుంది. ‘మధ్య’ అనే మాటకు నార్స్‌లో సాటి వచ్చేది ‘మిద్ర్’. ‘మధు’ అనే మాటకు సాటి వచ్చేది తేనెతో చేసిన పానీయం పేరైన ‘మ్యోద్ర్’. అచ్చుల విషయం ఇంకా ఆసక్తికరం. మూలభాషలోని ‘ఏ’ సంస్కృతంలో ‘ఆ’గా మారింది. నార్స్‌లోనూ అది ‘ఆ’గానే మారింది, కాని వేరే కాలంలో, వేరే దారిలో. సంస్కృత ‘మాసం’, నార్స్‌లో చంద్రుణ్ణి తెలిపే ‘మాని’ ఇందుకు మరో ఉదాహరణ. గోథిక్ భాష మాత్రం పాత ‘ఏ’ను నిలుపుకొంది: అక్కడ చంద్రుడు ‘మేనా’, మన క్రియ ‘రేదన్’. అంటే ‘రాధ్’, ‘రాద’ బంధువులే అయినా, వాటిలో ఒకేలా వినిపించే దీర్ఘాచ్చు మాత్రం ఆ బంధుత్వానికి రుజువు కాదు.

ఇక్కడ రెండు పొరపాట్లకు తావివ్వకండి. మొదటిది, నార్స్ క్రియ సంస్కృతం నుంచి పుట్టిందనుకోవడం. ఈ రెండూ ఒక పూర్వభాషకు వారసులు; అక్కాచెల్లెళ్ళ వంటివి గాని తల్లీబిడ్డల వంటివి కావు. రెండవది, ఆరాధన, అపరాధం తెలుగులో ఉన్నాయి కాబట్టి తెలుగుకూ నార్స్‌కూ చుట్టరికం ఉందనుకోవడం. అవి తెలుగులోకి వచ్చిన తత్సమాలు. తెలుగు ద్రావిడ భాష. ఈ విషయాన్ని ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ 1816లో, ఎ.డి. క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి చేర్చిన పీఠికలో నిరూపించాడు.

దాదాపు ఆ సంవత్సరాలలోనే డెన్మార్క్‌కు చెందిన రాస్ముస్ రాస్క్ ప్రాచీన నార్స్ భాష పుట్టుకపై ఒక పరిశోధన వ్యాసం రాశాడు. అది 1814లో పూర్తయి 1818లో అచ్చయింది. జర్మానిక్ హల్లులకూ, గ్రీకు, లాటిన్ హల్లులకూ మధ్య ఉన్న క్రమాన్ని అందులో చూపాడు. ఆ గ్రంథంలో ఆయన సంస్కృతాన్ని పోలికకు తీసుకోలేదు. తర్వాత రష్యా, పర్షియాల మీదుగా 1820లో భారతదేశం చేరి, మద్రాసు, సింహళం దర్శించి, 1823లో కోపెన్‌హాగెన్‌కు తిరిగి వెళ్ళాడు. రాస్క్ గమనించిన హల్లుల క్రమాన్ని 1822లో జాకబ్ గ్రిమ్ సూత్రబద్ధం చేశాడు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
‘రాదు’, ‘రాద’ల పోలిక, ‘రాధ్’, ‘రాద’ల పోలిక ఒకే రకమైనవి ఎందుకు కావు? నాలుగు వాక్యాలలో రాయండి.

3. రాతిమీది రాతలు: అర్థం విప్పడం

స్కాండినేవియాలో లాటిన్ లిపి రాకముందు రూన్ లిపి వాడుకలో ఉండేది. మొదట అందులో 24 అక్షరాలుండేవి. వైకింగ్ యుగం మొదలయ్యేనాటికి అవి 16కు తగ్గాయి. భాషలో ధ్వనులు పెరుగుతుంటే అక్షరాలు తగ్గాయన్నమాట. ఫలితంగా ఒకే గుర్తు క, గ ధ్వనులు రెండింటికీ. మరొకటి త, ద ధ్వనులు రెండింటికీ పనిచేయవలసి వచ్చింది. రాతిమీద ‘కుథ్’ అన్నట్లుగా చెక్కి ఉంటే, అది దేవుడు అనే అర్థంగల ‘గుద్’ అని చదువరి గ్రహించాలి. క, గ, త, ద లకు వేర్వేరు అక్షరాలున్న మన లిపికి అలవాటుపడినవారికి ఈ ఇబ్బంది ఊహించడం కష్టం. రూన్లు చదవడమంటే అక్షరాలు పలకడం కాదు. సందర్భాన్ని బట్టి అర్థాన్ని నిర్ణయించడం. అందుకే ఆ పనికి ‘రాద’ క్రియనే వాడారు. చెక్కడానికి ‘రిస్త’ అనే వేరే క్రియ ఉంది.

స్వీడన్‌లోని ఉప్లాండ్ ప్రాంతంలో, ఓగెర్‌స్టా అనేచోట 11వ శతాబ్దపు రూన్ శిల ఒకటి ఉంది. ఒక కొడుకు తన తండ్రి జ్ఞాపకార్థం దానిని నిలబెట్టాడు. రెండు పొలాల నడుమ ఈ రాయి నిలుస్తుందని చెప్పి, బల్లి అనే శిల్పి చెక్కిన ఈ రూన్లను రూన్ల జ్ఞానం ఉన్నవాడే విప్పాలని ఆ శాసనం కోరుతుంది. ఆ కోరికలో ఉన్న క్రియ ‘రాద’. ఆ రాయి దారిన పోయేవారందరినీ ఒకేలా చూడదు. తెలిసినవారిని పిలుస్తుంది, తెలియనివారికి వారి స్థానాన్ని గుర్తుచేస్తుంది.

తెలియనివాడు రూన్ల జోలికి పోతే ఏమవుతుందో ‘ఎగిల్ సాగా’ చెబుతుంది. సాగాలు ప్రధానంగా 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో రాసిన గద్యకథలు. అవి వర్ణించే సంఘటనలు ఎక్కువగా 10, 11 శతాబ్దాలవి. కాబట్టి వాటిని జరిగినది జరిగినట్లు చెప్పిన నివేదికలుగా కాక, ఆ సమాజపు భావాలకు సాక్ష్యంగా తీసుకోవాలి. కథ ప్రకారం, కవియోధుడైన ఎగిల్ ఒక ఇంట జబ్బుపడి ఉన్న అమ్మాయిని చూస్తాడు. ఆమె పడకలో తిమింగలపు ఎముక మీద చెక్కిన రూన్లు దొరుకుతాయి. ఒక రైతు కొడుకు ఆమె ప్రేమను కోరి చెక్కినవి అవి. సరిగా తెలియక చెక్కడంతో ఆమెకు జబ్బు తెచ్చిపెట్టాయి. ఎగిల్ వాటిని గీకివేసి, ఎముకను కాల్చి, కొత్త రూన్లు చెక్కి దిండు కింద పెడతాడు. ‘రాద’ బాగా తెలియనివాడు ‘రిస్త’కు పూనుకోరాదన్నది ఆయన తీర్పు.

ఈ కష్టం నేటి పండితులకూ తప్పలేదు. స్వీడన్‌లోని రోక్ శిల 9వ శతాబ్దానికి చెందినది. దానిమీద 700కు పైగా రూన్లున్నాయి. అందులో థియోద్రిక్ అనే వీరుణ్ణి గురించిన పద్యం ఒక క్రియతో మొదలవుతుంది. దానిని పలువురు ‘రేద్’ అని, అంటే ‘పాలించాడు’ అని చదివారు. మరికొందరు దానిని ‘రైద్’ అని, అంటే ‘స్వారీ చేశాడు’ అని చదివారు. ఒక అచ్చును ఎలా విప్పుతామన్నదాన్ని బట్టి ఒక పాలకుడు రౌతుగా మారిపోతాడు.

కలలకు కూడా ఇదే క్రియ. ‘లాక్స్‌దేల సాగా’లో గుద్రూన్ అనే యువతి తన నాలుగు కలలను గెస్త్ అనే జ్ఞానికి చెబుతుంది: నప్పని తలపాగాను వాగులో విసిరేయడం, వెండి ఉంగరం జారిపోవడం, బంగారు ఉంగరం పగిలిపోవడం, శిరస్త్రాణం నీటిలో పడిపోవడం. అవి ఆమెకు కాబోయే నలుగురు భర్తలని గెస్త్ ‘రాద’ చేస్తాడు. రాయి మీది గీతలైనా, నిద్రలో కనిపించిన దృశ్యాలైనా, పైకి కనిపించేదాని వెనుక ఉన్నదాన్ని పట్టుకోవడమే ఆ పని.

4. సలహా నుంచి అధికారానికి

నార్వే రాజులను గురించి చెప్పేటప్పుడు సాగాలు ఫలానా రాజు దేశాన్ని పాలించాడని ‘రేద్’ క్రియతోనే అంటాయి. కాని ఈ మాట నిజమైన బలం రాజు లేనిచోట బాగా తెలుస్తుంది. ఐస్‌లాండ్‌లో 930 ప్రాంతంలో ఆల్తింగ్ అనే మహాసభ ఏర్పడింది. 1262–64 మధ్య ఆ దేశం నార్వే రాజుకు లోబడేవరకు అక్కడ రాజు లేడు, రక్షకభటులు లేరు, సభలో తీర్పు వచ్చినా, దానిని అమలు చేసుకోవలసిన బాధ్యత గెలిచినవారిదే. ఇటువంటి చోట మాట చెల్లుబాటు కావాలంటే, చెప్పినవాడి వివేకం మీద ఇతరులకు గురి కుదరాలి.

క్రీ.శ. 1000 ప్రాంతంలో (999 అని కూడా లెక్కిస్తారు) జరిగిన సంఘటన ఇందుకు చక్కని ఉదాహరణ. క్రైస్తవులు, పాత దేవతలను కొలిచేవారు రెండు వర్గాలుగా చీలి, ఒకరి చట్టాన్ని మరొకరు ఒప్పుకోబోమని ప్రకటించారు. అంతర్యుద్ధం తప్పదనిపించింది. నిర్ణయాన్ని థోర్‌గేర్ అనే న్యాయవక్తకు వదిలారు. ఆల్తింగ్‌లో చట్టాన్ని కంఠతా వినిపించడం ఆయన పని. ఆయన స్వయంగా పాత మతస్థుడు. ఒక పగలు, ఒక రాత్రి దుప్పటి కప్పుకొని మాట్లాడకుండా పడుకొని, మర్నాడు లేచి సభను పిలిపించాడు. అందరికీ ఒకే చట్టం ఉండాలని, అందరూ బాప్తిస్మం పొందాలని చెప్పాడు. పాత ఆచారాలు కొన్నింటికి మినహాయింపు ఇచ్చాడు. రెండు వర్గాలూ అంగీకరించాయి.

ఈ వృత్తాంతాన్ని 12వ శతాబ్దం తొలి భాగంలో ఆరి థోర్గిల్‌సన్ అనే చరిత్రకారుడు ‘ఈస్‌లెండింగబోక్’ గ్రంథంలో నమోదు చేశాడు. అందులో థోర్‌గేర్ ప్రసంగంలోని ఒక వాక్యంలో మన మాట రెండుసార్లు వస్తుంది. మొదట ‘రాద్’ అనే నామవాచకం: తనకు తోచిన మంచి ఉపాయం. వెంటనే ‘రాద’ క్రియ: పైచేయి కావడం. ఎదుటివారితో తలపడాలని అందరికంటె ఎక్కువగా ఉబలాటపడేవారిని పైచేయి కానివ్వరాదన్నదే తన ఉపాయమని ఆయన భావం. తెలుగులో మనం ‘ఉపాయం’, ‘పైచేయి’ అని రెండు వేర్వేరు మాటలు వాడవలసి వచ్చింది. థోర్‌గేర్ శ్రోతలకు అవి ఒకే మాట. సరైన రాద్ చెప్పగలిగినవాడిదే రాద కావాలని ఆ భాషే చెబుతున్నట్లుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
థోర్‌గేర్‌కు సైన్యం లేదు. ఆయన నిర్ణయాన్ని ప్రజలు ఎందుకు పాటించి ఉంటారు? ‘రాద’ అర్థాల ఆధారంగా చర్చించండి.

5. మాటకు మరో ముఖం: పెళ్ళి, పన్నాగం

ఒకరి మేలుకోరి ఆలోచించడం, ఒకరి బదులు తామే నిర్ణయించడం – ఈ రెండింటి మధ్య గీత సన్ననిది. నార్స్‌లో పెళ్ళి సంబంధాన్ని కూడా ‘రాద్’ అనేవారు. ‘న్యాల్ సాగా’లో హోస్కుల్డ్ అనే పెద్దమనిషి తన కూతురు హాల్గెర్ద్‌ను అడగకుండానే ఆమె పెళ్ళి నిశ్చయం చేస్తాడు. తన ఇష్టాన్ని లెక్కచేయలేదని ఆమె మండిపడుతుంది. ఆ పెళ్ళి భర్త హత్యతో ముగుస్తుంది. రెండవసారి సంబంధం వచ్చినప్పుడు హోస్కుల్డ్ ఆమెను పిలిపించి, ఆమె సమ్మతి తీసుకొన్న తర్వాతే మాట ఇస్తాడు. పెళ్ళి కుదిర్చే ‘రాద’ ఎవరిది, తండ్రిదా, కూతురిదా అన్న ప్రశ్నను ఆ కథ ఏనాడో లేవనెత్తింది.

ఆలోచన ఎంత ప్రమాదకరం కాగలదో చట్టానికీ తెలుసు. ‘గ్రాగాస్’ అనే ప్రాచీన ఐస్‌లాండ్ ధర్మశాస్త్ర సంకలనంలో, చేతితో చంపినవాణ్ణి ‘హాంద్‌బాని’ అంటారు. చంపించే పన్నాగం పన్నినవాడు ‘రాద్‌బాని’. ఆయుధం పట్టకపోయినా, ఆలోచన చెప్పినవాడు నేరానికి బాధ్యుడే. మాటకు అంత శక్తి ఉందని నమ్మిన సమాజం, ఆ మాటకు శిక్ష కూడా ఉండాలనుకొంది.

6. ఆ తర్వాతి కాలం

క్రైస్తవంతోపాటు లాటిన్ లిపి, తోలు పుస్తకాలు వచ్చాయి. పుస్తకం చదవడానికి స్కాండినేవియన్లు ‘రాద’ను కాక ‘లేస’ అనే క్రియను ఎంచుకొన్నారు. ఏరడం, పోగుచేయడం అని దాని పాత అర్థం. లాటిన్‌లో కూడా ఏరడానికీ, చదవడానికీ ఒకే క్రియ ఉంది.

ఇంగ్లీషు మరో దారి పట్టింది. ‘రాద’కు తోబుట్టువైన ప్రాచీన ఇంగ్లీషు ‘రేదన్’ సలహా ఇవ్వడం, అర్థం విప్పడం అనే దశలను దాటి పుస్తక పఠనం అనే అర్థంలో స్థిరపడింది. మీకు తెలిసిన ‘రీడ్’ అదే. పొడుపుకథను తెలిపే ‘రిడిల్’ కూడా ఆ ధాతువుదే. 978లో సింహాసనమెక్కిన ఇంగ్లండు రాజు ఎథెల్‌రెడ్ పేరుకు ‘ఉదాత్తమైన ఆలోచన’ అని అర్థం. ఆయన కాలంలో డేనుల దాడులు తీవ్రమయ్యాయి. 1002లో తన రాజ్యంలోని డేనులను చంపమని ఆజ్ఞాపించాడు. 1013లో డెన్మార్క్ రాజు స్వేన్ చేతిలో రాజ్యం పోగొట్టుకొన్నాడు. స్వేన్ చనిపోయాక 1014లో తిరిగివచ్చి, 1016లో మరణించాడు. శతాబ్దానికి పైగా గడిచాక ఆయనకు ‘ఉన్‌రెద్’ అనే బిరుదు గ్రంథాలలో కనిపిస్తుంది: ఆలోచన లేనివాడు, చెడు సలహా పాలైనవాడు. పేరుకు విరుద్ధమైన ఎత్తిపొడుపు అది. ఆ పాత మాట మరుగున పడ్డాక, ధ్వని పోలికను బట్టి జనం దానిని ‘అన్‌రెడీ’ – సంసిద్ధత లేనివాడు – అని అపార్థం చేసుకొన్నారు.

స్కాండినేవియాలో పాత అర్థాలు నేటికీ సజీవంగా ఉన్నాయి. ఐస్‌లాండ్‌లో మంత్రిని ‘రాద్‌హెర్రా’ అంటారు. అక్కడివారు పదకేళిని పూరించడానికీ, కలకు అర్థం చెప్పడానికీ, ఉద్యోగిని నియమించడానికీ ఇప్పటికీ ఈ క్రియనే వాడతారు. స్వీడన్, డెన్మార్క్, నార్వేలలో నగర పాలక భవనం పేరులో ఉన్నదీ ఈ మాటే. స్వీడిష్‌లో ఒక వస్తువు కొనే స్తోమత ఉందని చెప్పడానికి తమకు ‘రోద్’ ఉందంటారు.

7. సారాంశం

‘రాద’ క్రియకు మూలం ఇండో-యూరోపియన్ పూర్వభాషలో ఉంది. సంస్కృత ‘రాధ్’ దానికి తోబుట్టువు. దాని అర్థాలన్నింటినీ కలిపే సూత్రం ఒకటుంది: చిక్కుగా ఉన్నదాన్ని మనసులో సరిగా అమర్చి, ఒక నిశ్చయానికి రావడం. ఆ చిక్కు రాతిమీద ఉంటే అది పఠనం; నిద్రలో కనిపిస్తే కలకు అర్థం చెప్పడం; పొరుగువాడి ఇంట్లో ఉంటే సలహా; దేశానిదైతే పాలన; శత్రువు ప్రాణం గురించైతే పన్నాగం. వివేకానికీ అధికారానికీ మధ్య ఆ సమాజం గోడ కట్టలేదని ఈ మాట తెలుపుతుంది. ఆ వివేకం మంచికీ చెడుకూ పనికివస్తుందని కూడా ఆ మాటే ఒప్పుకొంటుంది.

అనువాదంలో ఒక సాగాను చదివేటప్పుడు ‘పాలించాడు’, ‘సలహా ఇచ్చాడు’, ‘నిర్ణయించాడు’ అనే మాటలు ఎదురైతే, వాటి వెనుక ఒకే క్రియ ఉండవచ్చునని గుర్తుంచుకోండి. ఆ మూడింటిలో ఒకదాన్ని అనువాదకుడు ఎంచుకొన్నాడు. ఆ ఎంపిక సరైనదేనా అని సందర్భాన్ని బట్టి తేల్చుకోవడం చరిత్ర విద్యార్థి పని. ఓగెర్‌స్టా శిల తన చదువరి నుంచి కోరింది కూడా అదే.

8. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘రాద’ క్రియలోని వివిధ అర్థాలను తెలిపి, వాటి మధ్యగల సంబంధాన్ని ఉదాహరణలతో వివరించండి.
2. రాజు లేని ఐస్‌లాండ్‌లో సలహాకు, అధికారానికి గల సంబంధాన్ని చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రూన్ లిపిని చదవడంలోని ఇబ్బందులేవి?
2. హాంద్‌బాని, రాద్‌బాని అనే భేదం ప్రాముఖ్యం ఏమిటి?
3. ఎథెల్‌రెడ్ బిరుదు ఎలా అపార్థానికి గురైంది?